తండ్రి సంతకం

పందొమ్మిది వందల తొంభై నాలుగులో సువర్ణ మెదక్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో టైపిస్టుగా చేరింది. అప్పటికి ఇరవై ఏళ్లు. ఇంగ్లీషు, తెలుగు టైపు పరీక్షలు రెండూ హయ్యర్ దాకా మొదటిసారికే పాసైన పిల్ల. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పక్కర్లేదు, మిషను ముందు కూర్చున్న తీరే చెప్పేది. వీపు నిటారుగా, చూపు కాగితం మీద, వేళ్లు వాటి పనిలో అవి. పక్కన పిడుగు పడ్డా లైను పూర్తయ్యాకే తల తిప్పేది.

ఆమెకొక గర్వం ఉండేది. చెడ్డ గర్వమేమీ కాదు. కానీ నన్నడిగితే మనిషిని ముంచేవి మంచి గర్వాలే. తన చేతి మీదుగా అసంపూర్తి కాగితం బయటికి పోకూడదు, అంతే. పైనుంచి వచ్చే నమూనాలు ఎప్పుడూ మొండిగానే ఉంటాయి, ఇంగ్లీషులో రెండు లైన్లు, కింద అంతా ఖాళీ. సువర్ణ వాటికి కాళ్లూ చేతులూ పెట్టేది. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, తరగతి, విషయం. అడుగున ఎడమవైపు విద్యార్థి సంతకం, కుడివైపు తండ్రి లేక సంరక్షకుని సంతకం. స్కాలర్‌షిప్పుకైనా, సెలవు చీటీకైనా, ఎక్స్‌కర్షనుకైనా, బస్సు పాసుకైనా అదే వరుస. అప్పటి ప్రిన్సిపాలు చదవకుండానే సంతకం పెట్టేవాడు. "సువర్ణ కొట్టిందా? అయితే సూసేదేముంది," అనేవాడు.

లిడియా ఆ ఆఫీసుకు తొంభై ఎనిమిదిలో వచ్చింది, బస్సు పాసు ఫారం కోసం. బీయస్సీ మొదటి సంవత్సరం, బోటనీ. కౌడిపల్లి నుంచి పొద్దున ఏడున్నర బస్సుకు వచ్చేది. తల్లి లేదు. తండ్రి గాబ్రియేలు తాపీ మేస్త్రి. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి లిడియానే. మనిషి సన్నం, నవ్వు మాత్రం పెద్దది. ఆడపిల్లల వెయిటింగ్ రూములో చోటు లేక ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని "అక్కా, జర ఈడ కూసుంట," అని సువర్ణ టేబులు దగ్గరికి వచ్చింది. వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది.

లిడియా డబ్బాలో రోజూ చింతకాయ తొక్కే. సువర్ణ డబ్బాలో ఏదో ఒక కూర. సగం సగం పంచుకునేవారు. లిడియాకు టైపు నేర్పాలని సువర్ణ పట్టుదల. సువర్ణ చేత ప్రైవేటుగా డిగ్రీ కట్టించాలని లిడియా పట్టుదల. ఇద్దరిలో ఎవరి మాటా నెగ్గలేదు, ఆ వాదనలోనే అన్నం గంటలోని నలభై నిమిషాలూ అయిపోయేవి. తర్వాత్తర్వాత సువర్ణకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, భర్త పరశురాం మంచివాడే. అయినా అన్నం ముందు కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్విన రోజులు ఆమెకు మళ్లీ రాలేదు.

తొంభై తొమ్మిది ఆగస్టులో లిడియా డబ్బా మూత తీయడం మానేసింది. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు సువర్ణ నిలదీసింది. లిడియా తల ఎత్తకుండా చెప్పింది. బోటనీ లెక్చరర్ ప్రభాకర్ ప్రాక్టికల్ రికార్డుల మీద అందరి సంతకాలూ తరగతిలోనే పెడతాడు. లిడియా రికార్డు మాత్రం తప్పులున్నాయని పక్కకు పెడతాడు. క్లాసు అయ్యాక ల్యాబుకు రమ్మంటాడు. తలుపు దగ్గరికి వేస్తాడు. ఒకసారి చెయ్యి పట్టుకున్నాడు. ఇంకోసారి చెయ్యితో ఆగలేదు. రికార్డు మీద ఆయన సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

"మీ నాయినకు చెప్పినవా?" అని అడిగింది సువర్ణ.

"నీకు దండం పెడ్తక్కా, ఆ మాట అనకు. మా నాయినకు ఎర్కైతె రెండే అయితయి. ఆయన పోయి ఆని కాళ్లు ఇరగ్గొట్టి జైలుకు పోతడు. నన్ను పెండ్లి జేసి ఇంకో ఊరికి తోల్తరు. నా సదువు ఆడికే బందు."

సువర్ణకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే, దాచడమెందుకు, కొంచెం సంతోషం కూడా కలిగింది. ఎందుకంటే పది రోజుల కిందటే పైనుంచి ఒక కాగితం వచ్చింది. సుప్రీంకోర్టు చెప్పిందట. ఆడవాళ్లు పనిచేసేచోట, చదివేచోట ఇలాంటి ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండాలట, దానికి ఆడమనిషే పెద్దగా ఉండాలట. ప్రిన్సిపాలు కమిటీకి పేర్లు రాసి, ఫిర్యాదు ఫారం తయారు చెయ్యమని సువర్ణకే ఇచ్చాడు. ఆమె ముచ్చటగా కొట్టి, సైక్లోస్టైలు తీయించి, యాభై ప్రతులు బీరువాలో పెట్టింది. అవి ఎవరికి పనికొస్తాయో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

"ఊకో పిల్లా, పరేషాన్ గాకు. దీనికి కమిటీ పెట్టిండ్రు," అని ఒక ఫారం తీసి లిడియా చేతిలో పెట్టింది.

లిడియా పైనుంచి కిందికి చదివింది. అడుగున ఆమె చూపు ఆగింది.

"నాయిన సంతకం గూడ పెట్టాల్నా అక్కా?"

"పెట్టాలె మరి. అన్నిటికి పెట్టిస్తరు గద," అంది సువర్ణ. అంతలో హెడ్ క్లర్కు మల్లేశం పిలిస్తే లేచింది.

లిడియా ఫారం మడిచి రికార్డులో పెట్టుకుంది. "సోమారం తెస్త," అని చెప్పి బస్సుకు పోయింది.

రెండు నిమిషాల కిందటే ఆ పిల్ల దండం పెట్టి మరీ చెప్పిన మాట సువర్ణ చెవిన పడింది. నోరు మాత్రం అయిదేళ్లుగా కౌంటరు దగ్గర చెప్పే జవాబే చెప్పింది. ఆ రెండింటినీ కలిపి చూడటానికి ఆమెకు పద్నాలుగేళ్లు పట్టింది.

సోమవారం లిడియా రాలేదు. ఆ వారమంతా రాలేదు. నెలాఖరున సువర్ణ సెలవులో ఉన్న రోజున గాబ్రియేలు వచ్చి టీసీ తీసుకుపోయాడని మల్లేశం చెప్పాడు. సువర్ణకు ముందు కోపం వచ్చింది. దారి చూపిస్తే నడవలేదని, కనీసం ఒక మాట చెప్పి పోలేదని. కోపం ఏడాదో ఏడాదిన్నరో నిలిచింది. అది పోయిన చోట బెంగ వచ్చి కూర్చుంది. అది మాత్రం పోలేదు.

డిసెంబరు ఇరవై ఐదున మెదక్ చర్చికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. సువర్ణ ఏటా పోయి గేటు దగ్గర నిలబడేది. "నీకేం పని ఆడ?" అని పరశురాం అడిగితే "దీపాలు సూసొస్త," అనేది. చూసేది మొహాలు. సన్నటి మనిషి వెనక నుంచి కనపడితే గబగబా ముందుకు పోయి తిరిగి చూసేది. ఏడుపాయల అమ్మవారి జాతరలోనూ అదే పని. చర్చికి పోయే లిడియా అక్కడికి రాదని తనకూ తెలుసు, అయినా కళ్లు వెతికేవి. రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మెకు కాలేజీ మూతపడి, ఉద్యోగులంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుతిన్న రోజున కౌడిపల్లి ఆడవాళ్లు ట్రాక్టర్లలో వస్తున్నారని ఎవరో అన్నారు. సువర్ణ గరిటె పక్కామెకు ఇచ్చి ట్రాక్టరు ట్రాక్టరుకూ పోయి చూసింది. తెలంగాణ కోసం వచ్చిన మనిషి ఇంకెవరినో వెతుక్కుంటోందని ఎవరికీ తెలియదు.

కౌడిపల్లి ఏమన్నా కాశీయా? బస్సెక్కితే గంట. అడ్మిషన్ రిజిస్టరులో చిరునామా ఉంది. అయినా పోలేదు. పోతే లిడియా మొహం తిప్పుకుంటుందేమోనని భయం. వెతకడంలో ఉన్న ఆశ, పోయి అడగడంలో లేదు.

మధ్యలో ప్రభాకర్‌కు ప్రమోషను వచ్చి వేరే జిల్లాకు పోయాడు. శాలువా కప్పారు. సన్మాన పత్రం ఎవరు కొట్టారనుకున్నారు? సువర్ణే. 'విద్యార్థుల పాలిట తండ్రి వంటి' అన్న దగ్గర వేళ్లు ఆగాయి. కాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత లైను పూర్తి చేసింది. ఆ రాత కొట్టినందుకు తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు. ఏటా మార్చిలో ఆ కమిటీ పేరు మీద పైకి ఒక నివేదిక పోయేది. వచ్చిన ఫిర్యాదులు: నిల్. అదీ ఆమే కొట్టేది.

రెండు వేల పద్నాలుగు జనవరి. అప్పటికి మిషను పోయి కంప్యూటరు వచ్చింది. పాత ఫారాలన్నీ సువర్ణ ఉన్నవున్నట్టే కంప్యూటర్లోకి ఎక్కించింది. కిందటేడు కొత్త చట్టం వచ్చింది కాబట్టి పిల్లలకు అవగాహన కల్పించాలని ఉత్తర్వు వస్తే, సంగారెడ్డి నుంచి మమత అనే వకీలును పిలిచారు. హాల్లో ఆడపిల్లలు ముందు, మగపిల్లలు వెనక. ఇప్పటి ప్రిన్సిపాలు చంద్రకాంత్ సారు మైకు ముందు ఉత్సాహంగా చెప్పాడు. "మా కాలేజీల కమిటీ పెట్టి పద్నాలుగేండ్లయింది మేడం. ఒక్కటంటె ఒక్క కంప్లైంటు లేదు."

మమత నవ్వలేదు. "ఒక్కటి గూడ లేదంటె నాకు భయమైతది సార్," అంది. "ఆ ఫారం జర తెప్పిస్తరా?"

సువర్ణే తెచ్చి ఇచ్చింది. మమత దాన్ని ముందు వరుస పిల్లలకు అందించి అడిగింది. "సూడుండ్రి. రేపు మీకేమన్న కష్టమొస్తె మీల ఎంతమంది దీన్ని నింపి ఇస్తరు?"

చేతులు లేవలేదు. మమత ఎదురుచూసింది. చివరికి వర్షిత అనే పిల్ల లేచింది, బీకాం రెండో సంవత్సరం, చేగుంట నుంచి వచ్చేది. "కింద నాయిన సంతకం అడిగిండ్రు మేడం. మా నాయినకు చెప్పుకునే ధైర్యముంటె నేను కమిటీ దాక ఎందుకొస్త?"

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరుసలో ఎవరూ నవ్వలేదు. సువర్ణ హాలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. సోమారం తెస్త అన్న మాట, ఆ మాటకు ముందు అడుగున ఆగిన ఆ చూపు, దండం పెట్టిన ఆ చేతులు, అన్నీ ఒక్కసారిగా వరుసలో పడ్డాయి. లిడియాకు దారి చూపించానని ఇన్నేళ్లు అనుకుంది. దారి మీద గోడ కట్టి, పొమ్మన్నది తనే.

"అది పైనుంచి వచ్చిన ప్రొఫార్మా మేడం," అంటున్నాడు చంద్రకాంత్ సారు. "మేం పెట్టింది గాదు."

ఊరుకుంటే సరిపోయేది. పైవాళ్ల మీద పడ్డ తప్పుకు పేరు ఉండదు, ఊరు ఉండదు. కానీ సువర్ణ ముందుకు నడిచింది.

"పైనుంచి రాలే సార్. వచ్చినదాంట్ల ఆ నాయిన సంతకం గీత లేకుండె. నేనే కొట్టిన. అన్నిటికి ఉంటది గద అని అలవాటుల కొట్టిన," అంది. మమత మైకు ఆమె దగ్గరికి జరిపింది. "ఒక పిల్ల ఈ ఫారం తీస్కపోయి మల్ల రాలే. సదువు బందు వెట్టింది. ఎందుకు రాలేదో నాకు ఇప్పుడు సమజైంది."

చంద్రకాంత్ సారు మొహం చిట్లించాడు. మమత మాత్రం సువర్ణను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి పిల్లల వైపు తిరిగింది. ఉపన్యాసంలా కాదు, ఇంట్లో కూర్చుని చెప్పినట్టు చెప్పింది.

"మీకు పద్దెనిమిదేండ్లు నిండినయా? అయితె ఈ ఫిర్యాదుకు నాయిన సంతకం ఒద్దు, అన్న సంతకం ఒద్దు, మొగని సంతకం ఒద్దు. మీ సంతకం చాలు. రాసుడు రాకపోతె కమిటీల ఉన్న మేడమే రాసుకోవాలె. మూడు నెలల్ల ఇయ్యాలె, భయంతోని ఇయ్యలేకపోయిన అంటె ఇంకో మూడు నెలలు ఇస్తరు. కమిటీల సగం మంది ఆడోళ్లుండాలె, బయటి మనిషి ఒకరుండాలె. ఇచారణ అయ్యేదాక ఆ సారు మీ రికార్డు దిద్దకుండ, మీ పరీక్ష పేపరు ముట్టకుండ సేయమని అడుగుండ్రి, అది మీ హక్కు. పోలీసుల కాడికి పోతమంటె కమిటీ మీ ఎంబడి రావాలె. దవాఖానకు పోతె, ముందుగాల పోలీసు కాయితం తెమ్మని ఎల్లగొట్టనీకి లేదు. ఇంకొక్కటి, ఇది మగపిల్లలు గూడ ఇనుండ్రి. ఆ పిల్ల పేరు బయటికి రావొద్దు. ఎవ్వరికి చెప్పాల్నో, ఎవ్వరికి చెప్పొద్దో ఆ పిల్ల ఇష్టం. మంచికే గదా అని మనం చెప్పనీకి లేదు."

ఆ సాయంత్రమే సువర్ణ ఫారంలో ఆ గీత తీసేసింది. తీయడానికి అర నిమిషం పట్టలేదు.  ఆదివారం పొద్దున్నే కౌడిపల్లి బస్సెక్కింది.

గాబ్రియేలు ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ముసలాయన వాకిట్లో కూర్చుని పాత తాపీకి పిడి బిగిస్తున్నాడు. మెదక్ కాలేజీ నుంచి వచ్చానని, పేరు సువర్ణ అని చెప్పగానే చేతిలోది కింద పెట్టేశాడు.

"కూసో బిడ్డా. కాలేజీ నుంచి వచ్చినవా?" అని ఆమె మొహంలోకి చూశాడు. "నేను మల్ల ఆ దిక్కు రాలే. మా లిడియా సదువు ఎందుకు బందు వెట్టిందో నాకు ఇప్పటికి ఎర్కలే. ఒద్దని నేను ఎన్నడు అనలే. సదువు బిడ్డా, ఇంకా సదువు అంటి. ఒక్కనాడు పుస్తకాలు మూలకేసి నేను పోను అన్నది. కోపంల ఒక్క దెబ్బ గూడ కొట్టిన. నేనేమన్న తప్పు జేసిన్నా? నీకేమన్న ఎర్కనా?"

సువర్ణకు ఆ మాట నోటి దాకా వచ్చింది. చెప్పేస్తే ఆ ముసలాయన గుండెలో ముల్లు ఊడుతుంది. తన గుండెలోదీ ఊడుతుంది. నీ తప్పు కాదు కాకా, ఆ ప్రభాకరుది, నాది, అనాలి, అంతే. నోరు తెరిచింది కూడా. తెరిచాక ఆగింది. కూతురు పద్నాలుగేళ్లు పళ్ల బిగువున దాచుకున్న మాటను ఈ వాకిట్లో కూర్చుని తను విప్పితే, ఆ ఫారం చేసిన పనే మళ్లీ చేసినట్టు. ఈసారి అలవాటులో కూడా కాదు, తెలిసి తెలిసి.

"నాకు ఎర్కలేదు కాకా," అంది.

"నీకు దోస్తే గద, నీ పేరు మస్తు చెప్పేటిది. ఏం అన్లేదా నీతోని?"

"లేదు కాకా."

ఆయన తల ఊపాడు. లిడియా పెళ్లయి జహీరాబాదులో ఉందని, ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోందని చెప్పాడు. నంబరిస్తానన్నాడు. సువర్ణ వద్దంది. తన నంబరే ఒక చీటీ మీద రాసి ఇచ్చింది. "టైపు సువర్ణ వచ్చి పోయిందని చెప్పుండ్రి. మాట్లాడాలనిపిస్తెనే మాట్లాడమనుండ్రి," అంది. బస్టాపు దాకా ఆయన వెంట వచ్చాడు. దారంతా సువర్ణ ఆయన మొహం చూడలేకపోయింది.

తర్వాత నెల రోజులు. నెల అంటే ముప్పై రోజులని సువర్ణకు ఇన్నేళ్లూ తెలియదు, ఇప్పుడు ఒక్కొక్కటీ తెలిసింది. ఫోను స్నానానికి పోయేటప్పుడు కూడా గుమ్మం దగ్గర పెట్టుకునేది. మధ్యాహ్నం అన్నం గంటలో కొత్త ఫారాలు పట్టుకుని ఒక్కో తరగతికీ పోయేది. చంద్రకాంత్ సారు మొదట గొణిగాడు, తర్వాత ఊరుకున్నాడు. మమత మేడంలా ఆమె మాట్లాడలేదు. "దీంట్ల మీ నాయిన సంతకం లేదు. రాయరాకపోతె నా కాడికి రాండ్రి, నేను రాస్త. బీరువా తాళం నా కాడనే ఉంటది," అని చెప్పి వచ్చేసేది. ఒకరోజు ఒక పిల్ల వచ్చి ఏమీ అనకుండా ఫారం తీసుకుని పోయింది. సువర్ణ కూడా ఏమీ అడగలేదు. ఆ పిల్ల మూడో రోజు దాన్ని నింపి తెచ్చేదాకా మాత్రం ఆమెకు అన్నం దిగలేదు.

ఫిబ్రవరి పద్దెనిమిదిన లోక్‌సభలో తెలంగాణ బిల్లు పాసయింది. సాయంత్రానికి రాందాస్ చౌరస్తా అంతా గులాలు, డప్పులు, పటాకులు. సువర్ణ మొహానికి కూడా ఎవరో గులాబీ రంగు పూశారు. ఆ గోలలో ఫోను మోగింది. కొత్త నంబరు. చెవికి ఆనించుకుని, రెండో చెవి మూసుకుని పక్క సందులోకి పరుగెత్తింది.

"అక్కా."

ఆ ఒక్క మాటకే సువర్ణ గోడకు ఆనుకుంది. 

"నాయినకు ఏం చెప్పినవ్?" అంది లిడియా. ఎట్లున్నవ్ అనలేదు, ఇంకేమీ అడగలేదు. ఆ గొంతులో ఆ రోజు దండం పెట్టినప్పటి భయం అట్లాగే ఉంది.

"ఏం చెప్పలే. నాకు ఎర్కలేదన్న."

"అడిగిండా?"

"రెండు సార్లు అడిగిండు."

 చౌరస్తాలో పటాకుల లడీ ఒకటి మొదలై ఆగిపోయింది.

"నన్ను పద్నాలుగేండ్ల సంది అడుగుతుండక్కా," అంది లిడియా. అని ఏడ్చింది.

సువర్ణ కూడా ఏడుస్తూనే చెప్పింది. ఆ గీత పైవాళ్లు పెట్టింది కాదని, తనే కొట్టిందని, ఇప్పుడు తీసేసిందని, తీసేస్తే ఏం లాభమని, ఏటా చర్చి గేటు దగ్గర నిలబడ్డానని, ఒకదాని మీద ఒకటి. లిడియా అంతా విన్నది. పోనీలే అనలేదు. నీ తప్పు కాదనీ అనలేదు.

"ఈ ఆదివారం నేను కౌడిపల్లికి వస్త," అంది చివరికి. "నాయినకు నేనే చెప్త. నా నోటితోని చెప్త. జర పక్కన ఉంటవా అక్కా?"

సువర్ణ తల ఊపింది. ఊపితే ఫోనులో కనపడదని కాసేపటికి గుర్తొచ్చి, "ఉంట," అంది.